మానసిక ఆసుపత్రిలో రోగి తరఫు మనిషి

సంపాదకులు గారికి,
నమస్కారం.

ఏటా ప్రపంచ మానసిక ఆరోగ్య దినమైన అక్టోబరు 10 దగ్గరపడేసరికి పత్రికలన్నిటా మానసిక ఆరోగ్యం మీద వ్యాసాలు, వైద్యులతో ముఖాముఖీలు వస్తాయి. అవి రావలసినవే. అయితే వాటిలో వైద్యులు మాట్లాడతారు, అధికారులు మాట్లాడతారు, అప్పుడప్పుడు తల్లో తండ్రో తమ గోడు చెప్పుకుంటారు. ఆసుపత్రి లోపల మంచం మీద ఉన్న మనిషిని నీకేం కావాలని అడిగి, ఆ జవాబును తీసుకెళ్లి సంబంధిత అధికారుల ముందు పెట్టే మనిషి ఒకరు ఉండాలని, అందుకు మన చట్టంలోనే చోటు ఉందని చెప్పిన వ్యాసం మాత్రం నాకు కనబడలేదు. గోదావరి జిల్లాల్లో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో చాలాకాలంగా పనిచేస్తున్నవాడిగా ఆ విషయాన్ని మీ పాఠకుల దృష్టికి తేవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడవైనా ప్రచురించగలరని ఆశిస్తున్నాను.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టానికి 2017లో పార్లమెంటు ఆమోదం లభించగా, 2018 మే 29న అది అమల్లోకి వచ్చింది. అంతకుముందున్న 1987 నాటి చట్టం రోగిని ఎవరి ఉత్తర్వుతో, ఎంతకాలం లోపల ఉంచవచ్చన్న దాని మీదే ఎక్కువగా దృష్టి పెట్టింది. కొత్త చట్టం రోగికి ఉన్న హక్కులతో మొదలవుతుంది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, పాకలో గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది నిప్పంటుకున్నా కదలలేక కాలిపోయారు. అలాంటి గొలుసులను ఏ రూపంలోనూ వాడరాదని ఈ చట్టంలోని 95వ సెక్షన్ శాసిస్తోంది. కుటుంబం లేదనో, ఉన్నా ఇంటికి రానివ్వడం లేదనో, బయట తగిన వసతి లేదనో చెప్పి ఎవరినీ ఆసుపత్రిలోనే ఉంచేయకూడదని 19వ సెక్షన్ చెబుతోంది. మత్తుమందు ఇవ్వకుండా కరెంటు చికిత్స చేయడంపై నిషేధం, తన వైద్య రికార్డులను చూసుకునే హక్కు, ఉచిత న్యాయ సహాయం వంటివన్నీ ఇందులో ఉన్నాయి.

ఇన్ని హక్కులు రాసిపెట్టిన తర్వాత కూడా, దేశంలోని 46 ప్రభుత్వ మానసిక వైద్య సంస్థల పరిస్థితి అమానుషంగా ఉందని, కోలుకున్నవారిని సైతం చట్టవిరుద్ధంగా లోపలే ఉంచుతున్నారని జాతీయ మానవ హక్కుల కమిషన్ 2023 జనవరిలో తప్పుపట్టింది. చట్టం వచ్చిన అయిదేళ్లకు ఈ మాట వినవలసి వచ్చిందంటే సిబ్బంది కొరత, నిధుల కొరత కారణాలని అందరూ చెబుతారు, నేనూ కాదనను. కానీ నేను చూసినంతలో మరో కారణం కూడా ఉంది. హక్కు ఎవరిదో ఆ మనిషి దాన్ని అడగగల స్థితిలో లేనప్పుడు, లేదా అడిగినా ఎవరూ లెక్కచేయనప్పుడు, అతని బదులు అడగవలసిన బాధ్యతను చట్టం ఎవరికి అప్పగించిందో ఆ ఏర్పాటులోనే ఒక చిక్కు ఉంది.

ఆ ఏర్పాటు ఇదీ. మైనారిటీ తీరిన ప్రతి వ్యక్తీ తనకు నమ్మకమున్న మరొకరిని నామినేటెడ్ ప్రతినిధిగా ఎంచుకోవచ్చని 14వ సెక్షన్ చెబుతోంది. ఇందుకు స్టాంపు పేపరు అక్కర్లేదు, నోటరీ అక్కర్లేదు. తెల్లకాగితం మీద రాసి సంతకం చేసినా, వేలిముద్ర వేసినా చాలు, మనసు మారితే ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఎంతో సులువైన ఈ పద్ధతి గురించి మన ఊళ్లలో తెలిసినవారు ఎందరుంటారు? కాబట్టి రోగి ముందుగా ఎవరినీ ఎంచుకోని సందర్భాలే ఎక్కువగా ఎదురవుతాయి. అప్పుడు చట్టం ఒక వరస చెబుతుంది: మొదట బంధువు, తర్వాత సంరక్షకుడు, ఆ తర్వాత మానసిక ఆరోగ్య సమీక్ష బోర్డు నియమించే తగిన వ్యక్తి, అలాంటివారూ దొరకకపోతే సాంఘిక సంక్షేమ శాఖ డైరెక్టరు లేదా ఆయన తరఫున వచ్చే అధికారి. ఆచరణలో ఈ వరస మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది. రోగిని ఆసుపత్రికి తీసుకొచ్చిన బంధువే ప్రతినిధి అవుతాడు.

ఇప్పుడు 17వ సెక్షన్ చూడండి. ప్రతినిధి విధులన్నీ అక్కడ ఉన్నాయి. రోగి ఇష్టాయిష్టాలను పట్టించుకోవడం, నిర్ణయాలు తీసుకోవడంలో తోడు నిలవడం, వైద్యం వివరాలు అడిగి తెలుసుకోవడం, ఇంటికి పంపే ఏర్పాట్లలో పాలుపంచుకోవడం వంటివి వాటిలో కొన్ని. వాటితోపాటు మరో రెండు పనులు కూడా అదే మనిషికి అప్పగించారు. రోగి సొంతంగా నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉన్నప్పుడు 89వ సెక్షన్ కింద అతన్ని చేర్చుకోవాలని దరఖాస్తు పెట్టేది ఆ ప్రతినిధే. రోగిని విడుదల చేయాలని బోర్డుకు దరఖాస్తు పెట్టవలసిందీ, హక్కులకు భంగం కలిగితే ఫిర్యాదు చేయవలసిందీ ఆ ప్రతినిధే. లోపల పెట్టమని సంతకం చేసిన చేతికే బయటకు పంపమని సంతకం చేసే అధికారాన్నీ ఇచ్చి, రెండూ నిష్పాక్షికంగా జరుగుతాయని చట్టం ఆశిస్తోంది.

చాలా కుటుంబాలు ఆ ఆశను నిజం చేస్తాయి. పొలం తాకట్టు పెట్టి కొడుకుకు వైద్యం చేయించినవారిని, నలభై ఏళ్ల కూతురికి ఇంకా తామే అన్నం కలిపి పెడుతున్న తల్లులను నేను ఎరుగుదును, వారిని అనుమానించడం నా ఉద్దేశం కాదు. అయితే ఉమ్మడి ఆస్తి పంపకం తేలని అన్నదమ్ముల మధ్య, భర్త తరఫువారు చేర్పించిన భార్య విషయంలో, వృద్ధుల పింఛను ఎవరి చేతికి వస్తుందన్న దాని మీద గొడవ ఉన్న ఇళ్లలో, బంధువు ప్రయోజనం ఒకటి, రోగి ప్రయోజనం మరొకటి కావచ్చు. హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్‌లో మతిస్థిమితం లేకపోవడం కూడా విడాకులకు ఒక కారణంగా ఉన్నప్పుడు, ఆసుపత్రి చీటీకి కోర్టు కాగితంగా ఎంత విలువ వస్తుందో చెప్పనక్కర్లేదు. మానసిక వ్యాధి ఉందని తేలినంత మాత్రాన మతిస్థిమితం లేనట్టు కాదని, అది న్యాయస్థానం తేల్చవలసిన విషయమని 3వ సెక్షన్‌లో ఉంది. కోర్టులో అలాంటి రుజువును ఎదుటి పక్షం సవాలు చేస్తే, దాన్ని సమీక్ష బోర్డుకు పంపాలని 105వ సెక్షన్‌లో ఉంది. కానీ సవాలు చేయవలసిన ఎదుటి పక్షం వార్డులో ఉంటే, ఆమెకు ఈ సెక్షన్ల గురించి చెప్పేవారెవరు?

మా సంస్థకు ఎదురైన ఒక సంగతి చెబుతాను. ఆసుపత్రి పేరు, ఊరు ఇక్కడ అనవసరం. కోలుకుని, మందులు తానే వేళకు వేసుకుంటూ, వార్డులో తోటివారి బట్టలకు బొత్తాలు కుట్టిపెడుతున్న ఒక స్త్రీని ఎప్పుడడిగినా ‘మా తమ్ముడు రావాలండీ’ అనే చెప్పేది. ఆమెను ఇంటికి పంపవచ్చని డాక్టరు గారే అన్నారు. ఆసుపత్రి రికార్డులో ఉన్న తమ్ముడి ఫోను నంబరు పనిచేయడం మానేసి చాలా కాలమైంది. ఉత్తరాలు తిరిగి వచ్చేవి. ఆయన వస్తే గాని పంపడం కుదరదన్నది అక్కడి సిబ్బంది అభిప్రాయం. అలాంటి నియమం ఏదీ చట్టంలో లేదని, పైగా 19వ సెక్షన్ దానికి పూర్తిగా విరుద్ధంగా చెబుతోందని మేము కాగితం చూపిస్తే, వారు కోపగించుకోలేదు, ఆశ్చర్యపోయారు. ఆ తర్వాత ఆమెకు తెలిసిన ఒక చిన్నమ్మను వెతికి పట్టుకున్నాం. ఇందులో ఎవరినీ దుర్మార్గులని అనలేను. డాక్టరు తన పని చేశారు, సిబ్బంది అలవాటైన పద్ధతి పాటించారు. ఆమెకు ఏం కావాలన్న ప్రశ్న మాత్రం ఎవరి పనుల పట్టికలోనూ లేదు.

బోర్డు ఉంది కదా అని మీ పాఠకుల్లో న్యాయవాదులు అనవచ్చు. నిజమే, మానసిక ఆరోగ్య సమీక్ష బోర్డు ఈ చట్టానికి వెన్నెముక వంటిది. జిల్లాకు గానీ, కొన్ని జిల్లాలకు కలిపి గానీ ఒకటి ఉండాలి. జిల్లా జడ్జి గానీ, ఆ హోదాకు అర్హత ఉన్న న్యాయాధికారి గానీ, పదవీ విరమణ చేసిన జిల్లా జడ్జి గానీ దానికి అధ్యక్షత వహిస్తారు. కలెక్టరు ప్రతినిధి ఒకరు, మానసిక వైద్యుడొకరు, మరో వైద్యుడొకరు ఉంటారు. మిగిలిన ఇద్దరు సభ్యులు వ్యాధిని స్వయంగా అనుభవించినవారో, సంరక్షకులో, లేదా వారి సంఘాల తరఫున, ఈ రంగంలో పనిచేసే స్వచ్ఛంద సంస్థల తరఫున వచ్చినవారో అయి ఉండాలి. రోగిని 89వ సెక్షన్ కింద ప్రతినిధి దరఖాస్తుపై చేర్చుకున్నప్పుడు ఆసుపత్రి ఏడు రోజుల్లోగా, స్త్రీ లేదా మైనరు అయితే మూడు రోజుల్లోగా బోర్డుకు తెలియజేయాలి. మొదటిసారి ముప్పై రోజులకు మించి ఉంచరాదు. ఆ తర్వాత కూడా ఉంచాలంటే 90వ సెక్షన్ కింద బోర్డు అనుమతి కావాలి, అది మొదట 90 రోజులు, తర్వాత 120, ఆపైన 180 చొప్పున పెరుగుతుంది. కాగితం మీద ఇంతకంటే జాగ్రత్తగా రాయడం కష్టం.

అయితే బోర్డు తనంతట తాను వార్డు వార్డుకూ తిరిగి ప్రతి మంచం దగ్గరా కూర్చోలేదు. తన దగ్గరకు వచ్చిన దరఖాస్తును విచారిస్తుంది. ఎవరు దరఖాస్తు పెట్టాలి? 77వ సెక్షన్ ఈ ప్రశ్నకు చక్కగా జవాబిచ్చింది: రోగి, అతని ప్రతినిధి, లేదా రోగి సమ్మతితో రిజిస్టరైన స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి. రుసుము లేదు. ఆసుపత్రిలో ఉన్న రోగి ప్రత్యేక పరిస్థితుల్లో నోటిమాటగా గానీ, ఫోనులో గానీ చెప్పుకున్నా బోర్డు స్వీకరించవచ్చు. 89వ సెక్షన్ కింద చేర్చుకోవడాన్ని సమీక్షించమని కూడా ఈ ముగ్గురిలో ఎవరైనా కోరవచ్చు. ప్రతినిధి అంటూ ఎవరూ లేని రోగి విషయంలో, బోర్డు ఒకరిని నియమించేదాకా తాత్కాలికంగా ఆ బాధ్యత వహించడానికి స్వచ్ఛంద సంస్థ సభ్యుడిని తీసుకోవచ్చని 14వ సెక్షన్‌లోనే ఉంది. అంటే కుటుంబానికీ ఆసుపత్రికీ ప్రభుత్వానికీ చెందని నాలుగో మనిషి అవసరమని చట్టం రాసినవారికి తెలుసు. ఆ మనిషికి ఒక కుర్చీ వేశారు, కానీ ఆ గదిలోకి వెళ్లే దారి మాత్రం చూపలేదు.

ఆ దారి సంగతి 26వ సెక్షన్‌లో తేలుతుంది. రోగిని చూడడానికి వచ్చేవారి విషయంలో, ఫోన్ల విషయంలో ఆసుపత్రి నియమాలు వర్తిస్తాయని చెబుతూనే, ఎవరి రాకపోకలకు ఆ నియమాలు అడ్డు కాకూడదో అక్కడ ఒక జాబితా ఇచ్చారు. న్యాయమూర్తులు, కోర్టు పంపిన అధికారులు, బోర్డు సభ్యులు, పార్లమెంటు సభ్యులు, శాసనసభ్యులు, నామినేటెడ్ ప్రతినిధి, రోగి న్యాయవాది, చికిత్స చేస్తున్న వైద్యుడు అందులో ఉన్నారు. బోర్డుకు దరఖాస్తు పెట్టే హక్కున్న స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి పేరు మాత్రం లేదు. ఎమ్మెల్యే గారు ఏ వేళకు వచ్చినా ఆపకూడదు, కానీ రోగి సమ్మతి తీసుకోవడానికి వచ్చిన కార్యకర్త గేటు దగ్గర సూపరింటెండెంటు అనుమతి కోసం నిలబడాలి. సూపరింటెండెంటు ఉదార స్వభావులైతే పని జరుగుతుంది. ఆయన బదిలీ అయితే మళ్లీ మొదటికొస్తుంది. రోగిని కలవకుండా అతని సమ్మతి తీసుకోలేము, సమ్మతి లేకుండా దరఖాస్తు పెట్టలేము.

దీన్ని సరిదిద్దడానికి పార్లమెంటు దాకా వెళ్లవలసిన పనిలేదన్నదే ఈ ఉత్తరం రాయడానికి నాకు ధైర్యమిచ్చిన విషయం. ఆ జాబితా చివర ‘సంబంధిత ప్రభుత్వం అధికారమిచ్చిన మరే వ్యక్తి అయినా’ అన్న అర్థం వచ్చే మాట ఒకటి ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు రెండూ ఆ మాటను ఆధారం చేసుకుని, జిల్లాల వారీగా ఎంపిక చేసిన స్వచ్ఛంద సంస్థల సభ్యులకు అధికారమిస్తూ ఒక జీవో వెలువరిస్తే, విశాఖ చినవాల్తేరులోని ఆసుపత్రిలో అయినా, హైదరాబాదు ఎర్రగడ్డలోని సంస్థలో అయినా, ప్రైవేటు నర్సింగ్ హోముల్లో అయినా వారిని గేటు దగ్గర ఆపే వీలుండదు. ఎర్రగడ్డ పేరును సరదా తిట్టుగా వాడుకోవడానికి మనకెవరికీ అభ్యంతరం లేదు గానీ, అక్కడి వార్డులో ఉన్నవారిని పలకరించడానికి ఒక పద్ధతి ఏర్పాటు చేయాలని మాత్రం మనకు తోచదు.

న్యాయ సహాయం ఉంది కదా అన్నది రెండో ప్రశ్న. ఉంది, దాన్ని తక్కువ చేయను. మానసిక వైద్యశాలలో ఉన్నవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సేవలకు అర్హులని 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టమే చెప్పింది. 2017 చట్టంలోని 27వ సెక్షన్ మరో అడుగు ముందుకేసి, ఆ హక్కు ఉందని రోగికి చెప్పడం, ఎవరిని సంప్రదించాలో వివరాలివ్వడం మేజిస్ట్రేటు, పోలీసు అధికారి, ఆసుపత్రి వైద్యాధికారి బాధ్యత అన్నది. జాతీయ న్యాయ సేవల అధికార సంస్థ 2015లోనూ, మళ్లీ 2024లోనూ ఇలాంటివారి కోసం ప్రత్యేక పథకాలు తెచ్చింది, 15100 నంబరుకు ఫోను చేసి సహాయం కోరవచ్చు. కానీ రోగికి కావలసినవన్నీ కేసులు కావు. మందు వేసుకుంటే రోజంతా మగతగా ఉంటోందని డాక్టరుకు చెప్పడానికి భయపడేవారుంటారు. పిల్లలతో ఒకసారి ఫోనులో మాట్లాడాలనుకునేవారుంటారు. ఇంటికి పంపుతామంటే ఆ ఇంటికే వెళ్లనంటున్నవారుంటారు. వీటికి వకాలతు అక్కర్లేదు. పదేపదే వచ్చి కూర్చుని, తొందరపెట్టకుండా విని, విన్నదాన్ని తన అభిప్రాయం కలపకుండా డాక్టరుకు చెప్పగల మనిషి కావాలి. వాదనకు దిగవలసి వస్తే అప్పుడు న్యాయవాదిని పిలిచేదీ ఆ మనిషే.

ఇలాంటి మనిషి అవసరాన్ని మన రాష్ట్రం ఇదివరకే ఒకసారి గుర్తించింది. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు ఆసుపత్రి బల్ల వెనక ఆరోగ్యమిత్రను కూర్చోబెట్టారు. పల్లె నుంచి వచ్చిన రోగికి ఏ గదికి వెళ్లాలో, ఏ కాగితం తేవాలో చెప్పేవారు లేకపోతే పథకం ఎంత మంచిదైనా అందదని ఆనాడు గ్రహించారు. కానీ ఆరోగ్యమిత్ర పథకం నడిపేవారి ఉద్యోగి. ఆసుపత్రి మీదా, పథకం మీదా ఫిర్యాదు వచ్చినప్పుడు ఆ ఉద్యోగి రోగి పక్షాన ఎంతవరకు నిలబడగలడో మనం ఊహించుకోవచ్చు. 2022 అక్టోబరు 10న మొదలైన టెలిమానస్ 14416 నంబరు తెలుగులో ధైర్యం చెబుతుంది, సలహా ఇస్తుంది, ఎందరికో మేలు చేస్తోంది. అది కూడా వార్డులో ఉన్నవారి తరఫున అడగడానికి ఏర్పాటు చేసింది కాదు.

ఈ విషయంలో బ్రిటన్ అనుభవం మనకు పనికొస్తుంది. మన తెలుగు వైద్యులు ఎందరో అక్కడి మానసిక వైద్యశాలల్లో పనిచేస్తున్నారు కనుక అడిగి తెలుసుకోవడమూ కష్టం కాదు. ఇంగ్లండ్ చట్టంలో రోగికి దగ్గరి బంధువు స్థానం ఎప్పటినుంచో ఉంది. 2007లో చేసిన సవరణతో ఆ బంధువుకు తోడుగా, వేరుగా, స్వతంత్రంగా రోగి తరఫున మాట్లాడేవారిని ఏర్పాటు చేయడం విధిగా మారింది, 2009 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. రోగి చికిత్సతో వృత్తిపరమైన సంబంధం ఏమీ లేనివారే ఆ పని చేయాలి. రోగిని ఏకాంతంగా కలిసి మాట్లాడవచ్చు, రోగి ఒప్పుకుంటే రికార్డులు చూడవచ్చు. స్కాట్లండ్ 2003లో చేసిన చట్టం ఇంకా విశాలమైనది. ఆసుపత్రిలో నిర్బంధంలో ఉన్నా లేకపోయినా, మానసిక వ్యాధి ఉన్న ప్రతివారికీ ఈ సహాయం పొందే హక్కు ఉందని చెప్పి, దాన్ని అందుబాటులో ఉంచే బాధ్యతను స్థానిక సంస్థలకూ ఆరోగ్య బోర్డులకూ అప్పగించింది. రెండు చోట్లా ఈ పని ఎక్కువగా స్వచ్ఛంద సంస్థల చేతుల మీదుగానే సాగుతోంది, ఖర్చు మాత్రం ప్రజాధనం నుంచి వస్తుంది.

అక్కడ అంతా సవ్యంగా ఉందని చెప్పను. 2018 డిసెంబరులో సర్ సైమన్ వెస్లీ నాయకత్వంలోని సమీక్ష సంఘం నివేదిక ఇస్తూ, ఈ సహాయం కావాలని రోగి అడిగే పద్ధతికి బదులు, వద్దని చెబితే తప్ప ప్రతి నిర్బంధ రోగికీ దానంతట అదే అందే పద్ధతి రావాలని సిఫారసు చేసింది. ఎందుకంటే అందరికన్నా ఎక్కువ అవసరం ఉన్నవారే అడగలేకపోతారు. మనం కొత్తగా మొదలుపెట్టేటప్పుడు ఆ లోపాన్ని కూడా తెచ్చుకోనక్కర్లేదు. 89వ సెక్షన్ కింద చేర్చుకున్న ప్రతి కేసు సమాచారం ఎలాగూ బోర్డుకు వెళ్లాలి కదా, అదే కాగితం నకలు ఆ జిల్లాకు ఎంపికైన సంస్థకు కూడా పంపి, వారంలోగా ఒకరు వెళ్లి రోగిని పలకరించే నియమం పెడితే సరిపోతుంది.

వైద్యుల వైపు నుంచి వచ్చే అభ్యంతరం ఒకటుంది. ఉన్న కొద్దిమంది మానసిక వైద్యుల మీద ఇప్పటికే మోయలేని భారం ఉండగా, ప్రశ్నించడానికి మరొకరిని తెచ్చి నిలబెడితే వారు ఆత్మరక్షణలో పడతారని, ప్రైవేటు వైద్యులు క్లిష్టమైన రోగులను చేర్చుకోవడమే మానేస్తారని అంటారు. ఇందులో మొదటి సగం నిజం. 2015-16లో బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దవారిలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు, అందులో అధిక భాగం వైద్యుని గడప తొక్కనే లేదు. ఆ సంఖ్యతో పోలిస్తే వైద్యులు అతి తక్కువ. రెండో సగం విషయంలో నా అనుభవం వేరుగా ఉంది. రోగి మందు ఎందుకు వద్దంటున్నాడో, ఇంటికెళ్లాక ఎందుకు మానేస్తున్నాడో తెలుసుకునే తీరిక డాక్టరుకు లేనప్పుడు, ఆ కబురు మోసుకొచ్చేవారిని వారు శత్రువుగా చూడడం నేను అరుదుగా చూశాను. ఇబ్బంది వచ్చేదల్లా కార్యకర్త తనకు తెలిసిన వైద్యం తానే చెప్పడం మొదలుపెట్టినప్పుడు. అందుకు శిక్షణ కావాలి. ఏ మందు మంచిదో చెప్పడం ఆ మనిషి పని కాదని మొదటి రోజునే నేర్పాలి.

మా రంగం గురించి కూడా నిజం చెప్పుకోవాలి. స్వచ్ఛంద సంస్థలన్నీ ఈ పనికి తగినవి కావు. ఆశ్రమాలు, పునరావాస కేంద్రాలు నడిపే సంస్థలు చాలా ఉన్నాయి. మానసిక రోగులను ఉంచుకునే ఏ కేంద్రమైనా, అది ఎవరు నడుపుతున్నా, 65వ సెక్షన్ కింద రిజిస్టరు చేయించుకోవాలి. చేయించుకోకపోతే మొదటిసారి 5,000 నుంచి 50,000 రూపాయల వరకు, మళ్లీ మళ్లీ జరిగితే 5 లక్షల దాకా జరిమానా ఉంది. అలాంటి కేంద్రం నడుపుతున్నవారు తమ దగ్గరున్న వ్యక్తి తరఫున తామే మాట్లాడతామంటే కుదరదు. తలుపు తాళం ఎవరి దగ్గర ఉందో వారు లోపలి మనిషికి ప్రతినిధి కాలేరు. కాబట్టి ఎంపికలో మొదటి షరతు ఇదే కావాలి: ఆ జిల్లాలో ఆసుపత్రి గానీ, హోము గానీ నడపని సంస్థ అయి ఉండాలి, రోగుల ఆస్తి వ్యవహారాలతో సంబంధం ఉండకూడదు.

ఇక డబ్బు సంగతి. మా వంటి చిన్న సంస్థలకు విదేశీ నిధులు నేరుగా రావు. పెద్ద సంస్థలు తమకు వచ్చిన దానిలో కొంత ఇచ్చేవి, 2020లో విదేశీ విరాళాల చట్టానికి చేసిన సవరణ అలా ఇవ్వడాన్ని నిషేధించింది. కంపెనీలు చట్టప్రకారం లాభాల్లో రెండు శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేస్తాయి, అయితే వాటికి కంటికి కనబడేవి కావాలి. అంబులెన్సు మీద కంపెనీ పేరు రాసుకోవచ్చు, రోగి తరఫున అడిగిన ప్రశ్న మీద ఎవరి పేరూ రాయలేరు. చివరికి ప్రభుత్వమే ఇవ్వాలి. ప్రభుత్వ ఆసుపత్రిని ప్రశ్నించవలసిన మనిషికి ఆ ఆసుపత్రిని నడిపే శాఖే జీతమిస్తే స్వతంత్రత ఎక్కడ మిగులుతుందని అడుగుతారు. అందుకే ఆ నిధి ఆరోగ్య శాఖ పద్దులో కాకుండా రాష్ట్ర న్యాయ సేవల అధికార సంస్థ ద్వారానో, రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ ద్వారానో వస్తే మేలని మావంటివారి అభిప్రాయం. మూడేళ్ల ఒప్పందం ఉండాలి. ఫిర్యాదులు ఎక్కువ చేశారన్న కారణంతో మధ్యలో రద్దు చేయకూడదు. న్యాయ సేవల సంస్థల తరఫున పనిచేసే పారా లీగల్ వాలంటీర్లకు రోజువారీ గౌరవ వేతనం ఇచ్చే పద్ధతి ఇప్పటికే ఉంది, దానితోనైనా మొదలుపెట్టవచ్చు.

ఇది మన న్యాయవ్యవస్థకు కొత్త ఆలోచన ఏమీ కాదు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణకు 2007లో వచ్చిన చట్టం, తాము స్వయంగా రాలేని వృద్ధుల తరఫున వారు అధికారమిచ్చిన వ్యక్తి గానీ, రిజిస్టరైన స్వచ్ఛంద సంస్థ గానీ ట్రైబ్యునల్‌కు దరఖాస్తు చేయవచ్చని చెప్పింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ వంటి వైకల్యాలున్నవారి కోసం 1999లో ఏర్పడిన నేషనల్ ట్రస్టు, జిల్లాస్థాయి కమిటీలో కలెక్టరు పక్కన స్వచ్ఛంద సంస్థ ప్రతినిధికీ, వైకల్యమున్న వ్యక్తికీ చోటిచ్చింది.

రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలను నేను కోరేది 26వ సెక్షన్ కింద ఆ ఒక్క జీవో, దానితోపాటు ప్రతి మానసిక వైద్యశాలలో, ప్రతి పునరావాస కేంద్రంలో రోగులు తిరిగే చోట, వారి కంటి ఎత్తులో, తెలుగులోనూ ఉర్దూలోనూ ఒక నోటీసు పలక. ఆ జిల్లా సమీక్ష బోర్డు చిరునామా, ఫోను నంబరు, న్యాయ సేవల సంస్థ నంబరు, తెల్లకాగితం మీద ప్రతినిధిని ఎంచుకోవచ్చన్న మాట దాని మీద ఉండాలి. మీ పత్రికను కోరేది మరొకటి ఉంది. ఏ జిల్లాకు సమీక్ష బోర్డు ఎక్కడ పనిచేస్తోందో, దానిలో రోగుల తరఫున, స్వచ్ఛంద సంస్థల తరఫున కూర్చున్న ఆ ఇద్దరు సభ్యుల స్థానాలు భర్తీ అయ్యాయో లేదో, ఇప్పటివరకు ఎన్ని దరఖాస్తులు వచ్చాయో సమాచార హక్కు చట్టం కింద అడిగి, మీ జిల్లా సంచికల్లో ప్రచురించండి. మా వంటి సంస్థలు అడిగితే సమాధానం రావడానికి ఎంతకాలం పడుతుందో మీకు తెలియంది కాదు.

భవదీయుడు,
ఒక స్వచ్ఛంద కార్యకర్త,
కాకినాడ.